బడిలో చదువు ఎలా సాగుతోందో తల్లిదండ్రులకు ఎలా తెలియజేయాలి: ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులకు సమగ్ర మార్గదర్శి

విద్యాహక్కు చట్టం–2009లోని 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులను పేర్కొంటూ, వేళకు బడికి రావడం, పాఠ్యప్రణాళికను నిర్ణీత కాలంలో పూర్తి చేయడం వంటి వాటి సరసనే మరొక విధిని కూడా చేర్చింది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై, బిడ్డ హాజరు, నేర్చుకునే శక్తి, చదువులో సాధించిన ప్రగతి, బిడ్డకు సంబంధించిన ఇతర ముఖ్య విషయాలు వారికి తెలియజేయాలన్నది ఆ విధి. చాలా బడుల్లో ఇది ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం లేదా వేలిముద్ర తీసుకోవడంతో ముగిసిపోతోంది. మార్కులు తెలుస్తాయి గాని, ఆ మార్కుల వెనుక బిడ్డకు ఏం వచ్చిందో, ఏం రాలేదో తెలియదు.

బడి పరిస్థితుల సంగతి ఇంకా దూరం. ఒకే టీచరు మూడు తరగతులు చూస్తున్నారన్న విషయం, నెలలో కొన్ని రోజులు బోధనేతర పనులకు వెళ్లవలసి వచ్చిందన్న విషయం, తాగునీటి మోటారు చెడిపోయిందన్న విషయం పిల్లల నోటి ద్వారానో ఊళ్లో మాటల ద్వారానో ఇంటికి చేరుతుంటాయి. అలా చేరేసరికి అవి “సారు సరిగా రావడం లేదట” అన్న ఒక్క మాటగా మారిపోతాయి. బిడ్డ ఏం నేర్చుకున్నదీ, ఏ పరిస్థితుల్లో నేర్చుకున్నదీ ఉపాధ్యాయుడే స్వయంగా, రెండూ కలిపి చెప్పాలన్నది నా దృఢమైన అభిప్రాయం. పరిస్థితులు చెప్పకుండా చదువు గురించి మాత్రమే చెబితే నింద బిడ్డ మీద పడుతుంది. చదువు గురించి చెప్పకుండా పరిస్థితులు మాత్రమే చెబితే అది ఉపాధ్యాయుడి మొరగా వినిపిస్తుంది. ఈ రెండింటినీ కలిపి చెప్పే పద్ధతిని, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలలను దృష్టిలో పెట్టుకుని, కింద దశలవారీగా వివరిస్తున్నాను.

మొదటి దశ: చెప్పవలసినవి, చెప్పకూడనివి ముందే తేల్చుకోవాలి

తల్లిదండ్రులకు చేరవలసిన సమాచారం మూడు రకాలు. ఒక బిడ్డకు సంబంధించినది ఆ బిడ్డ తల్లిదండ్రులకే చెప్పాలి. తరగతి మొత్తానికి సంబంధించినది, అంటే ఈ నెలలో ఏ పాఠాలు జరిగాయి, ఏవి మిగిలాయి అన్నది, తరగతిలోని తల్లిదండ్రులందరికీ చెప్పాలి. బడి పరిస్థితులకు సంబంధించినది తల్లిదండ్రులే ఎక్కువగా ఉండే పాఠశాల యాజమాన్య కమిటీ ముందు పెట్టి, ఆ తర్వాత అందరికీ తెలియజేయాలి. ఈ మూడూ కలగాపులగమైతే ఒక బిడ్డ వెనుకబాటు పదిమంది నోళ్లలో నానుతుంది.

చెప్పకూడనివి కూడా ఉన్నాయి. ఒక బిడ్డను మరొక బిడ్డతో పోల్చకూడదు. తోటి ఉపాధ్యాయుల గురించి తల్లిదండ్రుల ఎదుట మాట్లాడకూడదు. బదిలీలు, పదోన్నతులు, కరువు భత్యం, వేతన సవరణ వంటివి న్యాయమైన విషయాలే అయినా, వాటికి సంఘాలు ఉన్నాయి. తల్లిదండ్రుల సమావేశం వాటికి వేదిక కాదు. పిల్లల చదువును నేరుగా తాకే పని పరిస్థితులను మాత్రమే ఇక్కడికి తేవాలి. ఒక పరిస్థితిని చెప్పాలా వద్దా అన్న సందేహం కలిగినప్పుడు “దీనివల్ల పిల్లలు ఏం కోల్పోతున్నారు?” అని ప్రశ్నించుకోండి. స్పష్టమైన జవాబు దొరికితేనే చెప్పండి.

సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి–1964 ప్రభుత్వ ఉద్యోగులు ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించడాన్ని, అనుమతి లేకుండా పత్రికలకు ఎక్కడాన్ని నియంత్రిస్తుంది. అందువల్ల చాలామంది ఉపాధ్యాయులు భయపడి అసలేమీ చెప్పకుండా ఊరుకుంటారు. ఆ మౌనం అవసరం లేదు. హాజరు పట్టికలో, స్టాకు రిజిస్టరులో, సమావేశాల రిజిస్టరులో ఉన్న వాస్తవాన్ని ప్రధానోపాధ్యాయుల ఎరుకతో యాజమాన్య కమిటీకి చెప్పడం వేరు, విధానం మీద వ్యాఖ్యానించడం వేరు. “నాలుగో తరగతికి, ఐదో తరగతికి కలిపి ఒక్కరే ఉన్నారు” అన్నది వాస్తవం. దానికి కారకులు ఎవరన్న చర్చ మీరు మొదలుపెట్టనవసరం లేదు.

రెండో దశ: రాసి పెట్టుకోవాలి

ఒక వంద పేజీల నోటుపుస్తకం చాలు. బిడ్డకొక పేజీ కేటాయించి, తేదీ వేసి, కొత్తగా వచ్చినదేమిటో, తడబడుతున్నదేమిటో, ఇంట్లో చెప్పినదేమిటో రాయాలి. “చదువులో వెనుకబడి ఉంది” అని రాస్తే అది తల్లికీ పనికిరాదు, మీకూ పనికిరాదు. “ఒత్తులున్న మాటలు చదివేటప్పుడు ఆగిపోతోంది, ఒత్తులు లేని వాక్యాలు ధారగా చదువుతోంది” అని రాస్తే రేపు ఏం చేయాలో తెలుస్తుంది.

అదే పుస్తకం చివరి పేజీలలో పరిస్థితుల చిట్టా రాయాలి: తేదీ, ఎన్ని పీరియడ్లు పోయాయి, కారణమేమిటి, పోయిన పాఠం మళ్లీ ఎప్పుడు చెప్పారు. ఈ చివరి గడి చాలా ముఖ్యం. పోయిన పీరియడ్ల లెక్క మాత్రమే చూపితే అది సాకులా కనిపిస్తుంది. వాటిని ఎలా పూడ్చారో కూడా చూపినప్పుడు తల్లిదండ్రులకు నమ్మకం కలుగుతుంది.

మూడో దశ: జూన్‌లోనే ఇంటి సంగతి తెలుసుకోవాలి

బడి తెరిచిన తొలి వారాల్లో ప్రతి ఇంటి గురించి కొన్ని విషయాలు తెలుసుకోవాలి. బిడ్డ ఎవరి దగ్గర ఉంటోంది? ఇంట్లో చదవగలిగినవారు ఎవరు? ఫోను ఎవరి చేతిలో, ఏ వేళల్లో ఉంటుంది? ఇంట్లో మాట్లాడే భాష ఏది? ఆదోని ప్రాంతం నుంచి గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి ఏరడానికి కుటుంబాలు తరలివెళ్తాయి. పాలమూరు వలసలు తెలియనివారు లేరు. అటువంటి ఊళ్లలో బిడ్డ అవ్వాతాతల దగ్గర ఉంటుంది. తల్లి ఫోనుకు మాత్రమే సందేశం పంపితే రోజూ బిడ్డను బడికి తయారుచేసి పంపే అవ్వకు ఏమీ తెలియదు. అవ్వకు నేరుగా చెప్పాలి, తల్లికి ఫోనులో చెప్పాలి. కోయ, గోండి, లంబాడీ మాట్లాడే ఇళ్లకు సంబంధించి, ఆ భాష తెలిసిన అంగన్‌వాడీ టీచరునో, ఊళ్లో చదువుకున్న యువతినో పక్కన ఉంచుకుంటే సగం పని తేలికవుతుంది.

మొదటి పలకరింపు ఎప్పుడూ మంచి విషయంతోనే ఉండాలి. బడి నుంచి ఫోను వచ్చిందంటే ఏదో తప్పు జరిగిందన్న బెదురు చాలా ఇళ్లలో ఉంది. “అమ్మా, మీ పాప ఈ రోజు కథ మొత్తం సొంతంగా చెప్పింది, ఆ మాట మీకు చెబుదామనే చేశాను” అన్న ఒక్క ఫోను ఆ బెదురును పోగొడుతుంది. ఆ తర్వాత కష్టమైన మాట చెప్పవలసి వచ్చినా వాళ్లు వింటారు.

నాలుగో దశ: చదువు గురించి చూపిస్తూ చెప్పాలి

నిర్మాణాత్మక (పాఠాలు జరుగుతుండగా చేసే), సంగ్రహణాత్మక (టర్ము చివర చేసే) మూల్యాంకనాల మార్కులు తల్లిదండ్రులకు చేరడం అవసరమే. గ్రేడులు, శాతాలు చెప్పినంత మాత్రాన కూలికి వెళ్లే తల్లికి తన బిడ్డ గురించి తెలిసేది తక్కువ. నోటుబుక్కులో ఒకే ఒక్క లెక్క తీసి చూపిస్తే ఎక్కువ తెలుస్తుంది.

మూడో తరగతి బిడ్డ 52లోంచి 27 తీసివేసి 35 అని రాసిందనుకుందాం. ఈ తప్పు చాలామంది పిల్లలు చేస్తారు. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి బిడ్డ తిరగేసి, 7లోంచి 2 తీసి 5 వేస్తుంది. పదుల స్థానంలో 5లోంచి 2 తీసి 3 వేస్తుంది. తల్లిని పిలిచి “లెక్కల్లో వీక్” అనవద్దు. ఐదు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి నాణేలు ఆమె ముందు పెట్టి, ఇందులోంచి 27 రూపాయలు ఇవ్వమని బిడ్డను అడగండి. బిడ్డ రెండు నోట్లు తీసి ఇస్తుంది, నాణేల దగ్గర ఆగిపోతుంది. అప్పుడు తల్లే అంటుంది: “ఒక నోటు చిల్లర మార్చు.” పది నాణేలు వచ్చాక పన్నెండులోంచి ఏడు తీస్తే ఐదు, నోట్లు రెండు మిగులుతాయి, మొత్తం 25. తన బిడ్డకు రానిది ఏమిటో ఆ తల్లికి అక్కడే అర్థమవుతుంది. సంతలో రోజూ తాను చేసే పనే అది. కూరగాయలు కొన్నప్పుడల్లా చిల్లర లెక్క బిడ్డ చేత చేయించమని చెప్పండి. బడి చదువు లేని తల్లి కూడా చేయగలిగిన సాయం ఇది.

చదవడం విషయంలోనూ ఇంతే. పాఠ్యపుస్తకంలోని నాలుగు వాక్యాలు తల్లి ఎదుట చదివించి, జూన్‌లో ఎక్కడ ఆగిందో, ఇప్పుడు ఎంతవరకు వెళ్తోందో చెప్పండి. చదవడం, రాయడం, లెక్కల పునాదులు నేర్పేందుకు తెలంగాణలో 2022 నుంచి నడుస్తున్న తొలిమెట్టు కార్యక్రమం వల్ల ప్రాథమిక తరగతుల్లో ప్రతి బిడ్డ ఏ స్థాయిలో ఉందో ఉపాధ్యాయుల దగ్గర వివరం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో సమగ్ర ప్రగతి పత్రాలు ఇస్తున్నారు. ఆ వివరాన్ని పట్టికగా చేతికివ్వడంతో ఆగకుండా, బిడ్డ చేత చేయించి చూపిస్తే తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలే మారిపోతాయి. “ఎన్ని మార్కులు?” అని అడిగినవారు “ఇది ఎప్పటికి వస్తుంది?” అని అడుగుతారు.

ఇంటి దగ్గర చేయమని చెప్పే పని ఒక్కటే ఉండాలి. అది పది నిమిషాలలో అయ్యేది కావాలి. నాలుగైదు పనులు చెబితే ఏదీ జరగదు.

ఐదో దశ: బడి పరిస్థితులను లెక్కతో చెప్పాలి

ఇది అన్నింటికన్నా కష్టమైన భాగం, అన్నింటికన్నా నిర్లక్ష్యానికి గురైన భాగం కూడా. “మాకు చాలా కష్టంగా ఉందండీ” అనడం వల్ల ప్రయోజనం లేదు. కూలి పని చేసేవారికి కష్టం కొత్త కాదు. చట్టం ప్రకారం ఎంత ఉండాలి, మన బడిలో ఎంత ఉంది, ఆ తేడా వల్ల పిల్లలకు ఏం అందడం లేదు, దానికి మనం ఏం చేస్తున్నాం అన్న వరుసలో చెప్పాలి.

విద్యాహక్కు చట్టానికి జతచేసిన షెడ్యూలు ఇందుకు మంచి ఆధారం. ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు ఉపాధ్యాయులు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ప్రతి 35 మందికి కనీసం ఒకరు ఉండాలి. విద్యా సంవత్సరంలో ఒకటి నుంచి ఐదు తరగతులకు 200 పనిదినాలు, 800 బోధనా గంటలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు, 1000 బోధనా గంటలు తప్పనిసరి. ప్రతి ఉపాధ్యాయుడికి ఒక తరగతి గది, బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, సురక్షితమైన తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ ఉండాలి. ఈ వివరాలను తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక చార్టు మీద రాసి, పక్కనే మన బడి అంకెలు వేసి గోడకు తగిలించండి. బడి ప్రాథమిక వివరాలు, దేశంలోని బడుల సమాచారం ఉండే ప్రభుత్వ యూడైస్ ప్లస్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు కాబట్టి ఇందులో రహస్యమేమీ లేదు. గోడ మీది అంకె, పోర్టల్‌లోని అంకె ఒకటి కాకపోతే దాన్ని కూడా ప్రధానోపాధ్యాయుల దృష్టికి తీసుకురావాలి.

ఉపాధ్యాయుడికి వారానికి కనీసం 45 పని గంటలని, అందులో పాఠం సిద్ధం చేసుకునే సమయం కూడా కలుస్తుందని అదే షెడ్యూలు చెబుతోంది. ఈ సంగతి తల్లిదండ్రులకు తప్పక చెప్పాలి. నోటుబుక్కులు దిద్దడం, బోధనోపకరణాలు తయారుచేసుకోవడం, యాప్‌లలో హాజరు, భోజనం వివరాలు నమోదు చేయడం ఏ వేళల్లో జరుగుతున్నాయో వారికి తెలియాలి. యాప్ పని బోధనా సమయంలోకి చొరబడుతుంటే అది ఎన్ని నిమిషాలో చిట్టాలో రాసి చూపండి.

బోధనేతర పనుల విషయంలో చట్టంలోని 27వ సెక్షన్ స్పష్టంగా ఉంది. పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప ఉపాధ్యాయులను ఇతర బోధనేతర పనులకు పంపకూడదు. ఓటర్ల జాబితా సవరణ పనిని సెలవు రోజుల్లో, బోధన లేని వేళల్లో మాత్రమే అప్పగించాలని సుప్రీంకోర్టు 2007లో చెప్పింది. 2027 జనగణన వంటి పెద్ద పని ముందున్నప్పుడు తల్లిదండ్రులకు ముందే తెలియజేయడం మంచిది. ఫలానా తేదీల్లో టీచరు ఉండరు, ఆ రోజుల్లో పిల్లలను ఫలానా వారు చూస్తారు, పిల్లలు ఫలానా పని చేస్తారు, తిరిగి వచ్చాక ఫలానా పాఠాలు చెబుతారు అని రాసి పంపితే అపోహకు తావుండదు.

ఒకే గదిలో రెండు మూడు తరగతులు నడుస్తుంటే, ఆ బోధన ఎలా జరుగుతుందో తల్లిదండ్రులకు కళ్లతో చూపించాలి. నాలుగో తరగతికి లెక్కలు చెబుతున్నంతసేపు ఐదో తరగతి సొంతంగా చదువుకోవాలి, ఆ తర్వాత అటూ ఇటూ మారాలి. అంటే నలభై నిమిషాల పీరియడులో ఒక్కో తరగతికి టీచరు నేరుగా చెప్పగలిగేది ఇరవై నిమిషాలు. కమిటీ సభ్యులను ఒక అరపూట గదిలో వెనుక కూర్చోబెట్టండి. ఎంత చెప్పినా రాని అవగాహన ఆ అరపూటలో వస్తుంది.

నెలకొకసారి పంపే ఉత్తరం ఇలా ఉండవచ్చు. ఇందులోని అంకెలు నమూనాకు మాత్రమే.

“తల్లిదండ్రులకు నమస్కారం. ఈ నెలలో మన బడి 22 రోజులు నడిచింది. మూడో తరగతి పిల్లలు తెలుగులో రెండు పాఠాలు, లెక్కల్లో తీసివేతలు పూర్తి చేశారు. చిల్లర మార్చి తీసివేయడం ఇంకా కొందరికి రావలసి ఉంది. వచ్చే రెండు వారాలు రోజూ మొదటి పీరియడులో అదే నేర్పుతాను. ఎన్నికల విధుల వల్ల ఈ నెల 3 రోజులు నేను బడిలో లేను. పోయిన పాఠాలలో రెండు తిరిగి చెప్పాను, ఒకటి మిగిలింది. బాలికల మరుగుదొడ్డికి నీటి గొట్టం పగిలింది. ప్రధానోపాధ్యాయులు మండల విద్యాశాఖాధికారికి రాతపూర్వకంగా తెలిపారు. వచ్చే శనివారం సాయంత్రం కమిటీ సమావేశంలో దీని గురించి మాట్లాడుకుందాం. మీరూ రండి.”

ఇందులో మొర లేదు, దాపరికమూ లేదు. దీన్నే నిమిషంన్నర వాయిస్ మెసేజ్‌గా చదివి పంపితే అక్షరం రానివారికీ చేరుతుంది.

మధ్యాహ్న భోజనాన్ని కూడా ఇదే పద్ధతిలో చెప్పాలి. ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, ప్రాథమికోన్నత తరగతుల బిడ్డకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. ఆ కొలతలు గోడ మీద ఉండాలి. తల్లులు వంతులవారీగా వచ్చి రుచి చూసి రిజిస్టరులో రాసే ఏర్పాటు ఉండాలి. వంట చేసే అక్కలకు బిల్లులు ఆలస్యమైతే అదీ కమిటీకి తెలియవలసిందే, ఎందుకంటే ఆ ఆలస్యం చివరకు పళ్లెంలోకి వస్తుంది.

ఆరో దశ: సమావేశాన్ని తల్లిదండ్రుల వేళకు పెట్టాలి

ఉదయం పదకొండు గంటలకు సమావేశం పెట్టి, తల్లిదండ్రులకు శ్రద్ధ లేదనడం న్యాయం కాదు. రావాలంటే వాళ్లు ఒక పూట కూలి వదులుకోవాలి. ఉపాధి హామీ పనులు, నాట్లు, కోతలు ఏ వేళల్లో ఉంటాయో తెలుసుకుని, సాయంత్రమో పని లేని రోజో ఎంచుకోవాలి. గంటకు మించి సాగనీయకూడదు. ఉపాధ్యాయులు కుర్చీల్లో, తల్లిదండ్రులు నేల మీద కూర్చునే పద్ధతి మానుకోవాలి. అందరూ ఒకే ఎత్తులో కూర్చోవాలి. మొదటి పావుగంటలో పిల్లలే తమ నోటుబుక్కులు తల్లిదండ్రులకు చూపించాలి. తర్వాత తరగతి ప్రగతి, ఆపై పరిస్థితుల చిట్టా. మిగిలిన సగం సమయం తల్లిదండ్రులదే. మగవారే మాట్లాడుతుంటే “అక్కా, మీరు చెప్పండి” అని తల్లులను పేరుపేరునా అడగాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జులై 10న రాష్ట్రమంతటా ఒకేరోజు మెగా సమావేశాలు జరిగాయి. తల్లిదండ్రులను పెద్ద సంఖ్యలో బడికి రప్పించడానికి అవి ఉపయోగపడతాయి. అయితే అతిథులు, ప్రసంగాలు ఉన్న రోజున ఒక బిడ్డ తీసివేతల గురించి తల్లితో తీరిగ్గా మాట్లాడటం కుదరదు. ఆ పనికి చిన్న, తరగతివారీ సమావేశాలే తగినవి.

పరిస్థితుల గురించి జరిగిన చర్చ తీర్మానంగా మారకపోతే గాలికి పోతుంది. చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే బాధ్యతను 22వ సెక్షన్ ఆ కమిటీకే అప్పగించింది. “ఇంకొక ఉపాధ్యాయుడు కావాలి” అని ఉపాధ్యాయుడు అడిగితే అది ఒక ఉద్యోగి అభ్యర్థన. అదే మాట పిల్లల సంఖ్య, షెడ్యూలు ప్రమాణం రాసి, తేదీ వేసి, సభ్యులందరి సంతకాలతో కమిటీ అడిగితే దానికి చట్టబద్ధమైన బలం ఉంటుంది. తీర్మానం ప్రతిని మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. తెలంగాణలో చిన్నపాటి మరమ్మతులు, తాగునీరు, మరుగుదొడ్ల విషయమైతే 2024లో ఏర్పాటైన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ దృష్టికి కూడా తీసుకువెళ్లాలి.

ఏడో దశ: ఫోను గ్రూపును అదుపులో ఉంచుకోవాలి

వాట్సాప్ గ్రూపు ప్రకటనలకు మాత్రమే వాడాలి. సందేశాలు ఉపాధ్యాయులు మాత్రమే పంపేలా అమర్చుకుంటే సగం చిక్కులు రావు. ఒక బిడ్డ మార్కులు, హాజరు, ఆరోగ్యం గురించి గ్రూపులో ఎప్పుడూ రాయకూడదు. పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలని డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం–2023 కూడా చెబుతోంది. స్మార్ట్‌ఫోను లేని ఇళ్ల జాబితా విడిగా రాసుకుని, ఆ పిల్లల డైరీలో అదే సందేశం రాసి పంపాలి.

ఎనిమిదో దశ: కష్టమైన మాటలు విడిగా, ఎదురెదురుగా చెప్పాలి

బిడ్డకు చూపు, వినికిడి లోపం ఉందన్న అనుమానం, తరచూ బడి మానడం, బాల్యవివాహం మాట వినపడటం వంటి విషయాలు ఫోనులో కాకుండా ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. చూసినదే చెప్పాలి, రోగం పేరు మీరు పెట్టవద్దు. “బోర్డు మీది అక్షరాలకు కళ్లు చిట్లించి చూస్తోంది, ముందు వరుసలో కూర్చోబెడితే చదువుతోంది” అని చెప్పి, ఆరోగ్య కేంద్రానికి ఎప్పుడు తీసుకువెళ్లగలరో అడగాలి. బిడ్డ భద్రతకే ప్రమాదం ఉందనిపిస్తే ప్రధానోపాధ్యాయులకు తెలిపి, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయడంలో ఆలస్యం చేయకూడదు.

“రెండు దెబ్బలు వేయండి సారూ, అప్పుడే దారికొస్తాడు” అని అడిగే తండ్రులు ఇప్పటికీ ఉన్నారు. శారీరక దండనను, మానసిక వేధింపును విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించిందని సౌమ్యంగా చెప్పి, కొట్టకుండా ఏం చేస్తున్నారో వివరించాలి. బిడ్డ ఇంట్లో దెబ్బలు తింటుందన్న అనుమానం ఉంటే ఆ బిడ్డ గురించి ఫిర్యాదు స్వరంలో ఏదీ ఇంటికి పంపకూడదు.

తల్లిదండ్రులే కోపంగా వచ్చినప్పుడు వారిని ముందుగా పూర్తిగా చెప్పనివ్వాలి. తరువాత నోటుపుస్తకం తెరిచి, తేదీలతో సహా మీ దగ్గర ఉన్నది చూపాలి. వారి మాటలో నిజముంటే అక్కడే ఒప్పుకుని, ఎప్పటిలోగా సరిచేస్తారో చెప్పాలి.

తొమ్మిదో దశ: ఏమైందో తిరిగి చెప్పాలి

గత నెల సమావేశంలో అనుకున్నది ఏమైందన్న మాటతోనే ఈ నెల ఉత్తరం మొదలవ్వాలి. గొట్టం బాగయితే బాగయిందని, దస్త్రం కదలకపోతే కదల్లేదని, మళ్లీ ఏ తేదీన గుర్తుచేశామో రాయాలి. తల్లిదండ్రులు ఇచ్చిన సలహా అమలు చేసి ఉంటే ఎవరు ఇచ్చారో చెప్పాలి. ఇంట్లో చేయమన్న పని చేసిన ఇళ్లలో బిడ్డ ఎంత ముందుకు వచ్చిందో ఆ ఇంటివారికి విడిగా చెప్పాలి.

ఏప్రిల్‌లో బడి మూసేముందు ఆ నోటుపుస్తకాన్ని పై తరగతి ఉపాధ్యాయులకు అప్పగించాలి. బదిలీ మీద వెళ్లేవారు ప్రధానోపాధ్యాయులకు ఇచ్చి వెళ్లాలి. ఏ ఇంటికి ఏ వేళలో ఫోను చేయాలో, ఏ అవ్వకు నేరుగా చెప్పాలో, ఏ తీర్మానం ఏ కార్యాలయంలో ఉందో అందులో రాసి ఉంటే, జూన్‌లో కొత్తగా వచ్చేవారు మొదటి వారం నుంచే ఆ తల్లిదండ్రులతో మాట్లాడగలుగుతారు.